తెట్టు పోయింది, చమురు పోలేదు

2025 మే చివరి వారంలో కొచ్చి తీరానికి దూరంగా ఎమ్‌ఎస్‌సి ఎల్సా 3 అనే కంటెయినర్ల ఓడ మునిగిపోయిన రోజుల్లో, విజయవాడలో మా ఇంట్లో టీవీ వార్తలు వింటూ నేను ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఓడ నుంచి కారిన ఇంధనం నీటి మీద తెట్టు కట్టిందనీ, కోస్ట్ గార్డ్ రసాయనం చల్లి ఆ తెట్టును కరిగిస్తోందనీ వార్త. పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతున్న మా అమ్మ, "పోన్లేరా, కరిగిపోతే ఇంక గొడవేముంది" అంది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. కరిగిందని చెబితే ఎవరైనా అలాగే అనుకుంటారు.

అయితే చారులో ఉప్పు ఎక్కువైనప్పుడు, కరిగిపోయింది కదా అని ఎవరూ ఊరుకోరు, నాలుకకు తెలుస్తుంది. చమురు విషయంలో చాలావరకు కరగడం కూడా జరగదు. చల్లిన రసాయనం తెట్టును సన్నని తుంపరగా విడగొట్టి, పైనున్న దానిని నీటి లోపలికి దింపుతుంది. చమురంతా అక్కడే ఉంటుంది, పైనుంచి చూసేవారికి కనబడదు. ఈ రసాయనాలను డిస్పర్సెంట్లు అంటారు. ముప్పై ఏళ్ళుగా డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతున్నవాణ్ణి కనుక ఆ రోజు నుంచి వీటి గురించి చేతికి అందినవన్నీ చదువుతూ వచ్చాను. చదివిన తరువాత నాలో స్థిరపడిన అభిప్రాయం ఇది. డిస్పర్సెంట్లు వాడనే కూడదని నేను అనను. సముద్రం పైన తేలే నష్టాన్ని సముద్రం లోపలి ప్రాణుల ఖాతాకు మార్చే పని అది. ఆ మార్పిడి కొన్నిచోట్ల న్యాయమైనదే కావచ్చు గాని, దానిని శుభ్రం చేయడమని పిలుస్తున్నంత కాలం, ఎవరి ఖాతాకు ఎంత మార్చామో లెక్క చెప్పవలసిన అవసరం ఎవరికీ కలగదు.

సబ్బుపొడి, రంపపు పొట్టు

నేను చదువుకునే రోజుల్లో మా మేనమామ కొడుక్కి ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డు ఉండేది. సెలవుల్లో అక్కడ కూర్చుని చిట్టాలు రాసేవాణ్ణి. సాయంత్రం షెడ్డు కట్టేసే ముందు, ఇంజన్ ఆయిల్ ఒలికిన సిమెంటు నేల మీద ఒక కుర్రవాడు సబ్బుపొడి చల్లి, నీళ్ళు పోసి, పుల్లల చీపురుతో రుద్దేవాడు. నల్లటి మరక బూడిదరంగు నురగగా మారి సైడు కాలవలోకి జారిపోయేది. "పోయింది సార్" అనేవాడు. నేల నిజంగానే తెల్లగా కనిపించేది. రెండు షెడ్ల అవతల ఉండే ఒక ముసలి మేస్త్రీ మాత్రం రంపపు పొట్టు చల్లించేవాడు. పొట్టు ఆయిల్‌ను పీల్చుకునేదాకా ఆగి, ఊడ్పించి, ఒక పాత డ్రమ్ములో వేయించేవాడు. ఆ డ్రమ్ము నిండినప్పుడల్లా దాన్ని ఏం చేయాలన్న తగువు ఒకటి మొదలయ్యేది.

అప్పట్లో నాకు మేస్త్రీ పద్ధతి చాదస్తంగా తోచింది. ఇప్పుడు ఆలోచిస్తే, డ్రమ్ము కళ్ళెదుట ఉండబట్టే తగువు ఉండేదని అర్థమవుతోంది. సైడు కాలవలోకి పోయిన ఆయిల్ గురించి మా షెడ్డులో ఎన్నడూ ఎవరూ తగువు పడలేదు. అది ఏ కాలవలో కలిసిందో, ఏ పొలానికి పారిందో అడిగినవాడూ లేడు, నాతో సహా.

ఈ పోలికను నేను ఎక్కువ దూరం లాగకూడదు. సముద్రానికి సరిపడే రంపపు పొట్టు ఎక్కడా లేదు. తేలే కంచెలు కట్టి, తోడే యంత్రాలు పెట్టి చమురును ఎత్తడం వినడానికి సులువుగానే ఉంటుంది గాని, అలలు లేచిన సముద్రంలో ఆ కంచెల పైనుంచీ కిందనుంచీ చమురు దాటిపోతుంది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అనే తవ్వకపు వేదిక పేలి, దాని కింది బావి 87 రోజుల పాటు చమురు కక్కినప్పుడు, అమెరికా వద్ద ఉన్న నావలూ డబ్బూ మనుషులూ అంతా దిగిన తరువాత కూడా నీటి మీద నుంచి తోడగలిగింది 3 శాతం దగ్గర, తగలబెట్టగలిగింది 5 శాతం దగ్గర అని ఆ ప్రభుత్వమే అప్పట్లో అంచనా వేసింది. కనుక డిస్పర్సెంట్ వద్దనేవారు "చేతులతో ఎత్తండి" అని చెప్పి తప్పుకోవడం కుదరదు. ఎత్తలేని చమురు తీరానికి వస్తుంది. వచ్చి మడ అడవిలోకో, తాబేళ్ళు గుడ్లు పెట్టే ఇసుకలోకో చేరుతుంది.

రెండు బీకర్లు

నిరుడు మా ల్యాబులో రెండు పెద్ద బీకర్లలో ఉప్పునీళ్ళు పోసి, రెండింటిలోనూ చెంచాడు ఇంజన్ ఆయిల్ వేయించాను. ఒకదానిలో అంట్లు తోమే ద్రవం నాలుగు చుక్కలు వేసి గాజుకడ్డీతో గట్టిగా కలపమన్నాను. అందులోని ఆయిల్ క్షణాల్లో విరిగి, నీరు పలచటి కాఫీలా మారింది. రెండోదాన్ని కూడా అంతసేపూ కలిపారు గాని కాసేపటికే ఆయిల్ మళ్ళీ పైకి వచ్చి నిలిచింది. అసలు డిస్పర్సెంట్లు ఇంతకన్నా జాగ్రత్తగా కూర్చిన మిశ్రమాలు, కానీ సూత్రం ఇదే. సబ్బుల్లోనూ డిస్పర్సెంట్లలోనూ ఉండే సర్ఫాక్టెంట్ అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, మరో కొస నూనెను పట్టుకుంటుంది. రెండింటి మధ్య ఉండే బిగువు తగ్గిపోవడంతో అల తాకిడికే తెట్టు బొట్లుగా విరుగుతుంది. బొట్టు సుమారు 70 మైక్రాన్ల కన్నా, అంటే మన వెంట్రుక మందం కన్నా చిన్నదైతే తిరిగి పైకి తేలడం చాలా నెమ్మదిస్తుంది. ప్రవాహాలు దానిని పక్కకూ కిందికీ మోసుకుపోతాయి.

లాభమంతా ఉపరితల వైశాల్యంలో ఉంది. ఒక మిల్లీమీటరు బొట్టును 10 మైక్రాన్ల బొట్లుగా విడగొడితే, చమురు అంతే ఉంటుంది గాని నీటికి తగిలే ఉపరితలం 100 రెట్లు అవుతుంది. చమురు తినే బాక్టీరియా ఆ సరిహద్దు మీదే బతుకుతాయి కనుక, వాటికి కూర్చునే చోటు 100 రెట్లు పెరిగినట్టు. డిస్పర్సెంట్ పక్షాన ఉన్న అతి బలమైన వాదన ఇదే, దీన్ని తేలిగ్గా తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ లెక్కకు ఇంకో వైపు ఉంది. ఆ 100 రెట్ల ఉపరితలం నుంచే చమురులోని విషపదార్థాలు కూడా నీటిలోకి దిగుతాయి. బాక్టీరియాకు తెరిచిన తలుపు చేపగుడ్డుకు మూసి ఉండదు.

బీకర్లు చూస్తూ ఒక అమ్మాయి, "సార్, ఈ రెండిట్లో ఏది శుభ్రంగా ఉన్నట్టు?" అని అడిగింది. దూదితో ఎత్తి చూడమన్నాను. మొదటి బీకరులో ముంచిన దూది ఆయిల్ కలిసిన నీటినే పీల్చుకుంది. ఎత్తడానికి విడిగా ఏమీ లేదు. రెండోదానిలో ఆయిల్ చాలావరకు దూదికి అంటుకుని వచ్చేసింది. అమ్మాయి మారు మాట్లాడలేదు. నేనూ అక్కడితో ఆపేశాను, ఎందుకంటే సముద్రం బీకరు కాదు. బీకరులో పలచబడడానికి చోటు లేదు, సముద్రంలో ఉంది. ఈ విషయం మీద దశాబ్దాలుగా సాగుతున్న శాస్త్రవాదమంతా చివరికి ఆ ఒక్క తేడా చుట్టూ తిరుగుతోందని నాకు అనిపిస్తుంది.

బాక్టీరియా చేసే పని, మనం వేసే లెక్క

చమురు తినే బాక్టీరియా అనగానే మన దేశంలో చదువుకున్నవారికి ఆనంద మోహన్ చక్రవర్తి గుర్తుకు వస్తారు. 1972లో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేసిన సూడోమోనాస్ అనే బాక్టీరియం, 1980లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో పేటెంటు పొందిన తొలి తరం జీవుల్లో నిలిచిపోయింది. ఆ తీర్పు మా తరం పాఠాల్లో గర్వంగా చెప్పుకునే సంగతి. ఆ జీవిని సముద్రంలోకి మాత్రం ఎన్నడూ వదలలేదు. దాని అవసరమూ పెద్దగా లేదు. సముద్రంలో చమురు తినేవి ముందే ఉన్నాయి. సముద్రపు అడుగు నెర్రెల నుంచి చమురు ఊరుతూనే ఉంటుంది కనుక, లక్షల ఏళ్ళుగా వాటికి ఆ తిండి అలవాటే. 1998లో పేరు పెట్టిన ఆల్కనివొరాక్స్ బోర్కుమెన్సిస్ అనే బాక్టీరియం దాదాపు హైడ్రోకార్బన్ల మీదే, అంటే చమురులోని కార్బన్, హైడ్రోజన్ పదార్థాల మీదే బతుకుతుంది. ఇంకో విశేషం, అది తనకు కావలసిన సర్ఫాక్టెంట్‌ను తానే తయారు చేసుకుంటుంది. ఆ సంగతి చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే బాక్టీరియాకు కార్బన్ ఒక్కటే చాలదు. నత్రజని, భాస్వరం, ప్రాణవాయువు కూడా కావాలి. మందపాటి తెట్టు కింద ఆ మూడూ త్వరగా అయిపోతాయి. యూరియా వేయని పొలంలో ఎంత విత్తనం చల్లినా పైరు ఎదగనట్టు, చమురు ఎంత ఉన్నా బాక్టీరియా పెరగవు. చమురును నీటిలో పలచగా చెదరగొడితే చుట్టూ ఉన్న నీటి నుంచి అవి అందుతాయి. కొన్ని పీపీఎంల, అంటే పది లక్షల పాళ్ళలో కొన్ని పాళ్ళ, పలచని గాఢతలో చమురును సముద్రపు నీటిలో ఉంచి చూసిన ప్రయోగాల్లో, కొలవగలిగిన హైడ్రోకార్బన్లలో సగం రెండు వారాల ప్రాంతంలో పోయాయి. అదే చమురును ఎక్కువ గాఢతతో సీసాలో బిగించి చూస్తే పని మందగిస్తుంది. ఒకరి ఫలితం మరొకరికి విరుద్ధంగా కనిపించడానికి సగం కారణం ఈ గాఢతల తేడాయే. పలచని ప్రయోగాలు చేసినవారిలో చమురు కంపెనీ ఉద్యోగులైన శాస్త్రవేత్తలు ఉన్నారు. అంతమాత్రాన వాటిని కొట్టిపారేయడం సరికాదు, సముద్రంలో చమురు నిజంగానే పలచబడుతుంది కనుక. అయితే చల్లిన మొదటి గంటల్లో, తెట్టు కిందనే ఉన్న నీటిలో పరిస్థితి ఆ పలచని సీసాలా ఉండదని కూడా గుర్తుంచుకోవాలి.

2010 నాటి మెక్సికో సింధుశాఖ ప్రమాదంలో సుమారు 70 లక్షల లీటర్ల డిస్పర్సెంట్ వాడారు. అందులో దాదాపు 29 లక్షల లీటర్లు 1,500 మీటర్ల లోతున, బావి నోటి దగ్గరే పోశారు. అంతకు ముందు అలాంటి పని ఎవరూ ఆ స్థాయిలో చేసి ఎరగరు. పైకి వచ్చే ఆవిరులను తగ్గించి, పైన నావల్లో పనిచేసేవారి ఊపిరి కాపాడడం కూడా దాని ఉద్దేశాలలో ఒకటి. ప్రమాదంలో చనిపోయిన 11 మందిని తలచుకుంటే ఆ ఉద్దేశాన్ని నేను చిన్నచూపు చూడలేను. ఆ ఆగస్టులోనే అమెరికా శాస్త్రవేత్త టెర్రీ హేజన్ బృందం, లోతున వేలాడుతున్న చమురు మేఘంలో బాక్టీరియా పెచ్చు పెరిగాయనీ, 5 డిగ్రీల చలిలో కూడా చమురులోని ఆల్కేన్లు అనే గొలుసు అణువులు 1.2 నుంచి 6.1 రోజుల్లో సగానికి తగ్గుతున్నాయనీ ప్రకటించింది. చాలామంది అక్కడితో కథ ముగిసిందనుకున్నారు. తరువాత అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థవారు, ఆ డిస్పర్సెంట్‌లోని డీఓఎస్ఎస్ అనే సర్ఫాక్టెంట్ లోతున పోయడం ఆపిన 64 రోజులకు, బావికి 300 కిలోమీటర్ల దూరంలో కూడా నీటిలో కనబడిందని చూపారు. పలచబడింది గాని విరగలేదు. 2015లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన సమంతా జాయ్ బృందం ఇంకో చిక్కు చూపింది. అదే లోతు నీటిని తెచ్చి ప్రయోగం చేస్తే, డిస్పర్సెంట్ కలిపినచోట కోల్వెలియా అనే జాతి పెరిగి, చమురును బాగా తినే మారినోబాక్టర్ అణగిపోయింది. ఆ ప్రయోగాన్ని విమర్శించినవారూ ఉన్నారు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది "జీవక్షయమైంది", అంటే బాక్టీరియా తిని విరగ్గొట్టాయి, అన్న మాటకు ఉన్న అర్థాల విస్తారం. ముడి చమురు వేల పదార్థాల కలగూర గంప. బాక్టీరియా ముందుగా గొలుసు ఆల్కేన్లను తింటాయి. తరువాత రెండు, మూడు వలయాల ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు. పెద్ద వలయాలు, రెసిన్లు, అస్ఫాల్టీన్లు అనే తారులాంటి బరువైన పదార్థాలు చాలా కాలం మిగులుతాయి. ఎంత తగ్గిందో కొలవడానికి శాస్త్రవేత్తలు హోపేన్ అనే మొండి అణువును కొలబద్దగా పెట్టుకుంటారు. అది దాదాపు విరగదు కనుక, దానితో పోల్చి మిగతావి ఎంత తగ్గాయో చెబుతారు. కానీ ఒక అణువు కొలతకు అందకుండా పోయిందంటే బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా మారిపోయిందని అర్థం కాదు. సగం ఆక్సీకరణ చెంది, మన పరికరం వెతకని ఇంకో పదార్థంగా మారి ఉండవచ్చు. పోయిందనే మాట ఆటోనగర్ కుర్రవాడి నోట వచ్చినా, పరిశోధన పత్రంలో వచ్చినా, ఎక్కడికి పోయిందనీ ఏ రూపంలో పోయిందనీ అడగాల్సిందే.

విషం ఎవరిది

డిస్పర్సెంట్ల మీద లోకానికి ఉన్న భయం 1967 మార్చిలో పుట్టింది. టోరీ కెన్యన్ ఓడ బ్రిటన్ నైరుతి కొసన రాళ్ళకు తగిలి 1,19,000 టన్నుల ముడి చమురు ఒలికినప్పుడు, అక్కడి ప్రభుత్వం సుమారు 10,000 టన్నుల డిటర్జెంట్లు చల్లించింది. అవి ఇంజన్ల జిడ్డు వదిలించే సరుకు, ఆరోమాటిక్ ద్రావకాలతో నిండినవి. రాళ్ళకు అంటుకుని బతికే నత్తలు చమురు కన్నా వాటికే ఎక్కువగా చచ్చిపోయాయి. డిటర్జెంటు చల్లకుండా వదిలిన చోట రాళ్ళు రెండు మూడేళ్ళలో కోలుకుంటే, విపరీతంగా చల్లినచోట పదేళ్ళకు పైగా పట్టింది. అయితే ఇప్పటి డిస్పర్సెంట్లను ఆ పాపానికి బాధ్యులను చేయడం న్యాయం కాదు. పైన చెప్పిన డీఓఎస్ఎస్ మన మందుల షాపుల్లో మలబద్ధకానికి అమ్మే డోక్యుసేట్ సోడియమే. మనుషులు మింగుతున్న మందు కనుక సముద్రానికి కూడా హాని లేదనడం తప్పు. అయినా విషమంతా ఆ రసాయనంలోనే ఉందనే ప్రచారం కూడా నిలబడదు.

2013లో వచ్చిన ఒక పరిశోధన చాలా పేరు పొందింది. చమురు, డిస్పర్సెంట్ విడివిడిగా కన్నా కలిసినప్పుడు రోటిఫర్ అనే సూక్ష్మజీవికి 52 రెట్ల దాకా ఎక్కువ విషమని అది చెప్పింది. ఈ అంకెను నేనే ఒకసారి తరగతిలో ఉద్వేగంతో చెప్పాను. తరువాత వివరంగా చదివి, మరుసటి వారం దిద్దుకున్నాను. సీసాలో ఎంత చమురు పోశామన్న లెక్కన చూస్తే 52 రెట్లు నిజమే. కానీ డిస్పర్సెంట్ లేనప్పుడు పోసిన చమురులో ఎక్కువ భాగం పైనే తేలి, జీవికి తగలనే తగలదు. నీటిలోకి దిగిన హైడ్రోకార్బన్లను కొలిచి పోల్చితే ఆ తేడా చాలావరకు తగ్గిపోతుంది. మెక్సికో సింధుశాఖ ప్రమాదం జరిగిన దాదాపు పదేళ్ళకు అమెరికా జాతీయ అకాడమీల సంఘం కూడా ఈ దారిలోనే తేల్చింది: లీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు చమురు ఉన్నప్పుడు, డిస్పర్సెంట్ వల్ల అదనపు విషం ఉందనడానికి స్పష్టమైన ఆధారం లేదు.

ఇది డిస్పర్సెంట్ పక్షానికి పూర్తి విజయమని కొందరు రాస్తారు. నాకు అలా అనిపించదు. విషం చమురుదే అయినప్పుడు, ఆ చమురును పైనుంచి తీసి జీవి నోటి దగ్గరకు చేర్చిన చేయి ఏదన్న ప్రశ్న అక్కడే ఉంది. 52 రెట్ల అంకె దానికి జవాబు. కాకపోతే అది విషతీవ్రతకు కొలత కాదు, ఎంత చమురు జీవికి అందిందన్నదానికి కొలత.

ఆ అందిన చమురు ఏం చేస్తుందో 2014లో ట్యూనా పిండాల మీద చేసిన పరిశోధనలు చూపాయి. లీటరు నీటిలో కొన్ని మైక్రోగ్రాముల పాలిసైక్లిక్ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు, అంటే పలు వలయాలున్న అణువులు చాలు, ఆ పిండాల గుండె లయ తప్పుతుంది. గుండె కణాల్లో పొటాషియం, కాల్షియం రాకపోకలకు అడ్డుపడడం దానికి కారణం. పిండం వెంటనే చావకపోవచ్చు. గుండె వంకరగా ఏర్పడి, ఈదలేని చేపగా పెరిగి, తరువాత ఎప్పుడో దేనికో ఆహారమవుతుంది. 96 గంటల్లో ఎన్ని చచ్చాయని లెక్కించే మామూలు పరీక్షలో ఆ చేప బతికినవాటి జాబితాలో ఉంటుంది. పైగా ఈ వలయాల అణువులు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, పారదర్శకంగా ఉండే పిల్లజీవుల శరీరంలో మరింత హాని చేస్తాయి. ల్యాబు దీపం కింద చేసిన పరీక్షకు ఇది అందదు. బంగాళాఖాతం మీద మే నెల ఎండ ఎలా ఉంటుందో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఇంకో సంగతి, ఎండ తగిలిన చమురు కొద్ది రోజుల్లోనే ఆక్సీకరణ చెంది డిస్పర్సెంట్‌కు లొంగకుండా పోతుంది. అంటే మన సముద్రంలో ఈ మందు పనిచేసే వ్యవధి కూడా చిన్నదే.

ఓడల్లో వాడే చిక్కటి ఫర్నేస్ ఆయిల్‌కైతే మొదటి నుంచీ అది అంతంతమాత్రంగానే పనిచేస్తుంది. 2017 జనవరి 28న ఎన్నూరు దగ్గర రెండు ఓడలు ఢీకొన్న తరువాత, కుర్రవాళ్ళు బకెట్లతో నల్లటి జిగురును రాళ్ళ మీద నుంచి తోడడం దేశమంతా చూసింది. చేతులకు సరైన తొడుగులు లేకుండా వారిని ఆ పనిలోకి దించడం అన్యాయం. కానీ ఆ బకెట్లను వెక్కిరించినవారితో నేను ఏకీభవించను. అవి ఆటోనగర్ మేస్త్రీ డ్రమ్ముల వంటివి. ఎన్ని నిండాయో లెక్క ఉంది, ఆ తరువాత ఎక్కడికి తరలించాలన్న తగువూ ఉంది.

మడ అడవి వైపు నుంచి

ఇంతవరకు చదివినవారికి, ఈయన చమురును తీరానికి రానివ్వమంటున్నాడా అన్న అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. దానికి జవాబు వెతుకుతుంటే 1984లో పనామా తీరాన జరిగిన ఒక ప్రయోగం దొరికింది. అక్కడ ఒకచోట ఉత్త చమురును, మరోచోట డిస్పర్సెంట్ కలిపిన చమురును కావాలనే వదిలి దశాబ్దాల పాటు గమనించారు. డిస్పర్సెంట్ కలిపినచోట పగడాలు, సముద్రపు గడ్డిలో ఉండే చిన్న జీవులు మొదట్లో బాగా దెబ్బతిని, తరువాత కోలుకున్నాయి. ఉత్త చమురు వదిలినచోట పగడాలకు పెద్దగా ఏమీ కాలేదు గాని మడ చెట్లు చచ్చాయి, ఏళ్ళ తరబడి ఆ చోటు కోలుకోలేదు. మడ చెట్టు బురదలోంచి పైకి లేచిన వేళ్ళతో ఊపిరి పీలుస్తుంది. వాటి మీద చమురు పూత పడితే చెట్టుకు ఊపిరాడదు. కృష్ణ పాయలు సముద్రంలో కలిసే చోట, హంసలదీవి నుంచి నిజాంపట్నం దాకా మనకు ఉన్నది అటువంటి అడవే. ఊపిరి కోసం పైకి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుకు కూడా పైన తేలే తెట్టే మొదటి శత్రువు.

కనుక నా వాదన ఇక్కడ రెండుగా చీలుతుంది, దాన్ని కలిపి కుట్టడం నాకు చేతకాలేదు. లోతైన నీటిలో, తీరానికి దూరంగా, చమురు తాజాగా ఉన్నప్పుడు, గాలి మన మడ అడవి వైపు వీస్తుంటే, డిస్పర్సెంట్ చల్లమనే అంటాను. లోపలి జీవులకు కలిగే నష్టం తెలిసే అంటాను. అదే చమురు 20 మీటర్ల కన్నా తక్కువ లోతుకు చేరిందంటే చల్లవద్దంటాను. ఆ లోతు తక్కువ నీటిలో పలచబడడానికి చోటు లేదు. అది దాదాపు నా బీకరే. బ్రిటన్‌లో 20 మీటర్ల లోపు నీటిలోనూ, దానికి ఒక నాటికల్ మైలు దూరంలోనూ ప్రత్యేక అనుమతి లేనిదే చల్లకూడదు. మన తీరాన బాపట్ల వైపు రొయ్యల హేచరీలు సీడు పెంచడానికి వాడేది ఆ తీరపు నీటినే. తేలే చమురు గడ్డలను ఇసుక ఫిల్టరు ఆపగలదు గాని నీటిలో కరిగిన హైడ్రోకార్బన్లను ఆపలేదు. ఆ నీరు తోడే సమయాన సముద్రంలో ఏం చల్లారో, ఎంత చల్లారో, ఏ లోతులో చల్లారో హేచరీవారికి ఆ రోజే తెలియాలి. వారాల పాటు నీటి నమూనాలు తీసి ఆ అంకెలు తెలుగులో ప్రకటించాలి. 2024 జనవరిలో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రపు బావి నుంచి ముడి చమురు రావడం మొదలైంది. మంగినపూడి దగ్గర బందరు ఓడరేవు కడుతున్నారు. ఈ నిర్ణయాలు ప్రమాదం జరిగిన రాత్రి తీసుకోవలసినవి కావు, ముందే పటం మీద గీత గీసి పెట్టుకోవలసినవి.

నా పాత విద్యార్థి ఒకడిది నిజాంపట్నం, వాళ్ళ నాన్నకు సొంత బోటు ఉంది. మొన్న ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు ఆయనకు ఇదంతా వివరించే ప్రయత్నం చేశాను. ఓపిగ్గా విని, "పైన కనపడితే మేం వల ఎయ్యం గదండీ మేష్టారూ. కనపడకుండా చేస్తే మాకెట్టా తెలుస్తది?" అన్నాడు. ఏడాది పాటు చదివిన పత్రాల్లో ఎక్కడా ఈ ప్రశ్న ఇంత సూటిగా లేదు. తెట్టు నష్టమే కాదు, హెచ్చరిక కూడా. దాన్ని తీసేసినవారు, ఆ హెచ్చరికను ఇంకో రూపంలో తిరిగి ఇవ్వాలి.

బస్సు ఎక్కించడానికి వచ్చి ఆయనే మళ్ళీ, "వేట నిషేధంలో అయితే పర్లేదులెండి, పడవలన్నీ కట్టేసుంటయ్యి" అన్నాడు. నేను ఔనన్నాను. రేపల్లె దాటిన తరువాత గాని నాకు తట్టలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపించేది, అది చేపలు గుడ్లు పెట్టే కాలమని. వలలు ఉండవు కనుక రసాయనం చల్లడానికి అనువుగా కనిపించే ఆ రోజుల్లోనే నీటి నిండా గుడ్లూ పిల్లలూ ఉంటాయి. మరునాడు పొద్దున్నే ఫోన్ చేసి, నిన్న నేను ఔనన్నది తప్పని ఆయనకు చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"అయితే ఆ దెబ్బ మాకు ఆ ఏడు తెలవదు మేష్టారూ," అన్నాడు. "పై ఏడు, వలలో ఏం పడనప్పుడు తెలుస్తది. అప్పుడు అడగటానికి ఎవురుంటారు?"